పసుపు మీద పడ్డ నింద

కిందటి వారం సత్యవేణిని ఉప్పల్‌లోని వినోద భారతి క్లబ్బు గేటు బయట, ఏప్రిల్ ఎండలో నిలబెట్టి వదిలేశాం. లోపల స్విమ్మింగ్ పూల్, గేటుకు తాళం. ఆ పూల్‌లో ఆడవాళ్ళకు ఈత నేర్పే మనిషి తనే. రోజూ మధ్యాహ్నం ఒక గంట, చుట్టూ టార్పాలిన్ పరదాలు కట్టించి, కాలనీ ఆడవాళ్ళను నీళ్ళలోకి దింపుతుంది. ఇప్పుడు ఆ గంటకే ఎసరొచ్చింది.

సంగతేమిటో కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టాలి. ఉగాది వెళ్ళాక పూల్ కడిగి కొత్త నీళ్ళు పెట్టారు. మంజీర నీళ్ళు ఇళ్ళ కుళాయిలకే రోజు విడిచి రోజు వస్తుంటే పూల్‌కెక్కడివి? అందుకని క్లబ్బు బోరుతోనే నింపారు. నింపిన రోజు అడుగున పలకల మధ్య గీతలు కూడా కనిపించాయి. ఆడవాళ్ళ బ్యాచ్ దిగి వెళ్ళాక, పంపు చూసుకునే పోశయ్య బ్లీచింగ్ పౌడర్ చల్లి ఇంటికి పోయాడు. తెల్లారేసరికి పూల్ నిండా టీ డికాషన్. ఆ ముందురోజు శుక్రవారం. శుక్రవారం ఆడవాళ్ళు ఒంటికి పసుపు రాసుకుంటారు. ఈ రెండూ కలిపి క్లబ్బు సెక్రటరీ నరసింహమూర్తి గారు తీర్పు చెప్పేశారు. ఆడవాళ్ళు ఒళ్ళు కడుక్కోకుండా దిగుతున్నారు, నీళ్ళు పాడుచేసింది వాళ్ళ పసుపే, లేడీస్ బ్యాచ్ బంద్! సత్యవేణి ఎదురు తిరిగితే, సరే, ఆదివారం పొద్దున సభ్యులందరి ముందూ తేల్చుకుందాం, పసుపు తప్పు లేదని రుజువైతే తాళం తీస్తాం, లేకపోతే ఆ గంట ఇక శాశ్వతంగా ఉండదు అన్నారు. రోషం కొద్దీ సత్యవేణి ఒప్పుకుంది. ఎలా రుజువు చెయ్యాలో మాత్రం ఆమెకు తెలియదు.

ఆ ఆదివారం రానే వచ్చింది.

పొద్దున బయల్దేరేటప్పుడు సత్యవేణి భర్తను రమ్మని అడిగింది. ఉమామహేశ్వర్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప తీగలు చేసే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నెమ్మదైన మనిషి, పెళ్ళాం మీద ఒక్కనాడూ గొంతెత్తి ఎరగడు.

"ఆదివారం కదండీ, ఒక్క గంట వచ్చి నా వెనక నిలబడండి చాలు. ధైర్యంగా ఉంటుంది" అంది.

"నేనొచ్చి ఏం చేస్తాను వేణీ? అక్కడందరూ పెద్దవాళ్ళు. నువ్వు వెళ్ళిరా" అన్నాడు, చొక్కా గుండీ వైపు చూస్తూ.

సత్యవేణికి మనసు చివుక్కుమంది. కానీ అప్పుడు కోపం తెచ్చుకునే తీరిక లేదు. కోనసీమలో కాలువ గట్టున పుట్టిన పిల్ల ఆమె. నడక కంటే ఈతే ముందొచ్చిందని వాళ్ళమ్మ అంటుండేది. పెళ్ళై నాచారం వచ్చాక, రెండు గదుల వాటాలో, బకెట్టు నీళ్ళు కూడా ఇంటివాళ్ళను అడిగి వాడుకునే బతుకులో, ఆ క్లబ్బు గంట దొరికింది. ఆ గంటలో ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి అద్దె మనిషీ కాదు. అది పోతే తనకంటూ ఇంకేమీ మిగలదని ఆమె భయం. ఆ భయంతోనే బస్సెక్కింది.

పూల్ పక్కన షామియానా వేశారు. కుర్చీల్లో మగవాళ్ళు, పక్కన నీడ చాలక చీర కొంగులు నెత్తిన వేసుకుని ఆడవాళ్ళు. పూల్‌లో నీళ్ళు గోధుమ రంగులో కదలకుండా పడి ఉన్నాయి. దగ్గరికి వెళితే కళ్ళు మండే వాసన.

నరసింహమూర్తి గారు పెద్ద ఆఫీసులో అకౌంట్సు చూసి రిటైరైనవారు. మనిషి చెడ్డవాడు కాదు. కాలనీకి వీధి దీపాలు తెచ్చింది ఆయనే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆయన ఆవేళ ఉత్త చేతుల్తో రాలేదు. ఇంట్లోంచి ఇత్తడి పళ్ళెం, పసుపు పొట్లం, తాంబూలంలో వేసుకునే సున్నం డబ్బీ తెచ్చుకున్నారు.

"అందరూ చూడండి" అంటూ పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపారు. "ఇదేంటి? పసుపు నీళ్ళు. ఇదేంటి? సున్నం. ఇప్పుడేమవుతుందో మీ ఇంట్లో ఆడవాళ్ళనడిగినా చెబుతారు."

వేలితో సున్నం తీసి పళ్ళెంలో కలిపారు. పసుపు నీళ్ళు చటుక్కున ఎర్రబడ్డాయి. పెళ్ళికూతురికీ బాలింతకూ దిష్టి తీసే ఎర్రనీళ్ళు. తెలుగింట్లో పుట్టిన ప్రతి ప్రాణికీ తెలిసిన సంగతే.

"బ్లీచింగ్ పౌడర్ చేసేది దేంతో? సున్నంతో. ఆడవాళ్ళ ఒంటి మీదున్నది పసుపు. పూల్‌లో జరిగింది ఈ పళ్ళెంలో జరిగిందే" అని పళ్ళెం పైకెత్తి చూపించారు. "నేను ఆడవాళ్ళకు వ్యతిరేకిని కానండీ. నా ముందే ఇంత పెద్ద హారతి పళ్ళెం తయారైతే నేనేం చెయ్యను?"

కుర్చీల్లోంచి చప్పట్లు. ఎవరో మంగళహారతి రాగం కూడా తీశారు. సత్యవేణికి చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలంటే ఆమెక్కూడా అనుమానం వచ్చింది. ఆ శుక్రవారం తను కూడా పసుపు రాసుకుంది కదా! ఆడవాళ్ళలో ఒకావిడ ఆమె మోచేయి పట్టుకుని, "నిజమేనేమోనే వేణీ, అనవసరంగా గొడవ పెట్టుకున్నామేమో" అంది. అయినవాళ్ళ నోట ఆ మాట వినడం సత్యవేణికి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

అప్పుడే గేటు దగ్గర లూనా బండి ఆగింది.

దాని మీద అనంతలక్ష్మి. యాభైకి దగ్గర పడిన భారీ మనిషి, రామంతాపూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే లేడీస్ బ్యాచ్‌లో చేరింది. ఇప్పటికింకా వెల్లకిలా తేలడమే వచ్చింది, చెయ్యి వదిలేస్తే అరుస్తుంది. లూనాకు ముందువైపు మంజీర నీళ్ళ క్యాను, వెనక రెండు బకెట్లు కట్టుకుని వచ్చింది.

"జర లేటయింది, మాఫ్ జేయుండ్రి. మా గల్లీల నీళ్ళు ఇప్పుడే వచ్చినయి" అంటూ దిగి, పళ్ళెం వంక చూసింది. "అబ్బో, సార్ హారతి మస్తు తయారు జేసిండు. పెండ్లి ఎవరిది సార్?"

ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నరసింహమూర్తి గారు నవ్వలేదు.

"ఇది వేళాకోళం కాదమ్మా. సైన్సు."

"నేను జెప్పేది గూడ గదే సార్. ఇరవై ఏండ్ల సంది పోరగాండ్లకు గదే జెప్తున్న. రెండు బకెట్లు పెడత, అందరం కలిసే సూద్దాం. మీ చేత్తోనే జేయుండ్రి, మళ్ళ నేను మంత్రం ఏసిన్నంటరు."

మొదటి బకెట్టులో మంజీర నీళ్ళు పోసింది. పసుపు పొట్లం తీసి సెక్రటరీ గారి చేతిలో పెట్టింది.

"ఎయ్యుండ్రి సార్. చిటికెడు గాదు, గుప్పెడు ఎయ్యుండ్రి. మా ఆడోళ్ళందరి పసుపు గీకినా గంత రాదు."

ఆయన వేశారు. అనంతలక్ష్మి పోశయ్యను పిలిచి బ్లీచింగ్ పౌడర్ వెయ్యమంది. వేసి కలపగానే బకెట్టులో నీళ్ళు ఎర్రగా తిరిగాయి. కుర్చీలు గొల్లుమన్నాయి. నరసింహమూర్తి గారు చేతులు రెండూ చాచి, ఇంకేం కావాలన్నట్టు సభ వైపు తిరిగారు. సత్యవేణి కళ్ళు మూసుకుంది.

"జర ఆగుండ్రి సార్. చాయ్ తాగుతరా? తాగుండ్రి. ఇది అప్పుడే అయిపోలే" అంది అనంతలక్ష్మి, కర్రతో బకెట్టు కలుపుతూనే.

చాయ్ వచ్చింది. తాగారు. మాటల్లో పడ్డారు. మొదట చూసింది ముందు వరసలో కూర్చున్న ఒక రైల్వే ఉద్యోగి. "అరే, రంగు దిగిపోతోంది!" అన్నాడు. అందరూ లేచి వచ్చారు. ఎరుపు పోయి లేత పసుపు, అది కూడా పోయి, చివరికి అడుగున తెల్లటి సున్నం మడ్డి, పైన ఉత్త నీళ్ళు మిగిలాయి.

"సార్, మీ అంగీకి పసుపు మరక అంటితే ఇంట్ల ఏం జేస్తరు?" అనంతలక్ష్మి అడిగింది.

"ఎండలో ఆరేస్తారు" అన్నారాయన, అప్రయత్నంగా.

"గంతే గద. ఎండకే ఆగని రంగు బ్లీచింగ్‌కు ఆగుతదా? పసుపు వల్ల అయితే పూల్ ఆ దినమే తెల్లగయిపోవాలె. ఇగ రెండో బకెట్ సూడుండ్రి. పోశన్నా, బోరు నీళ్ళు పట్టుకరా. పూల్‌ల నీళ్ళు గాదు, సీదా బోరుకెల్లి."

పోశయ్య మోటారు వేసి పట్టుకొచ్చాడు. కొబ్బరి నీళ్ళంత తేటగా ఉన్నాయి. అనంతలక్ష్మి బకెట్టును అందరి ముందూ తిప్పి చూపించింది. పసుపు లేదు, నూనె లేదు, ఏమీ లేదు. గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ వేసింది.

ఘాటు గుప్పున లేచింది. నీళ్ళు ముందు పచ్చబడ్డాయి, అందరూ చూస్తుండగానే చిక్కబడి చిక్కబడి గోధుమ రంగుకొచ్చి ఆగాయి. పక్కనున్న పూల్ రంగే. తుప్పు తునకల్లాంటివి సన్నగా అడుక్కి దిగడం మొదలుపెట్టాయి.

ముందు వరసవాళ్ళు బకెట్టు మీంచి పూల్ వైపు, పూల్ మీంచి బకెట్టు వైపు చూశారు. సత్యవేణికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"ఈ బకెట్ల పసుపేడున్నది సార్?" అంది అనంతలక్ష్మి మెల్లగా.

పోశయ్య బెదిరిపోయాడు. "నేనేం కలపలే సార్, పోశమ్మ తల్లి మీద ఒట్టు. నీళ్ళు నల్లగయితున్నయంటే ఇంకింత బ్లీచింగ్ ఎయ్యమన్నరు, ఏసిన. ఏసినకొద్దీ ఇంకా నల్లగయింది. నేను గూడ అమ్మలదే పసుపనుకున్న."

ఎయ్యమన్నది ఎవరో అందరికీ తెలుసు. నరసింహమూర్తి గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"పోశన్నది తప్పు లేదు. నీళ్ళల్ల ఇనుము కరిగున్నంతసేపు కండ్లకు కనవడదు. బ్లీచింగ్ తగిలితే తుప్పయి బయటికొస్తది. మనం నీళ్ళు బాగుచేస్తున్నమనుకుంట ఇంకింత తుప్పు బయటికి దీసినం" అని చెప్పింది అనంతలక్ష్మి.

సెక్రటరీ గారికి ఒడ్డు దొరికింది. "అయితే బోరు పైపు తుప్పు పట్టింది. అంతేగా! కొత్త పైపు వేయిస్తాం."

"నేను గూడ మొదలు గట్లనే అనుకున్న సార్." ఆమె చేతి సంచిలోంచి కాలేజీ ల్యాబ్‌లో వాడే నీలం లిట్మస్ కాగితం తీసి బోరు నీళ్ళలో ముంచింది. కాగితం ఎర్రబడింది. "తుప్పు పైపుల వచ్చే నీళ్ళు గింత పుల్లగుండయి. మాకు నీళ్ళల్ల దిగంగనే కండ్లు మండుతున్నయంటే నాజూకు మనుషులన్నరు. ఇటు రాండ్రి, ఇది సూడుండ్రి." పూల్ అంచున వంగి, పలకల మధ్య సిమెంటును గోటితో గీరింది. పొడిపొడిగా రాలింది. "సిమెంటునే తింటున్నయి. ఇదే బోరు నిరుడు మంచిగుండె. భూమి లోపలికి ఎవరో తేజాబ్ ఇడుస్తున్నరు."

"తేజాబ్ అంటే... యాసిడ్డా?"

"ఆసిడే సార్. ఉత్తది గాదు, ఇనుమును కడిగిన ఆసిడ్. తీగలు గుంజే ఫ్యాక్టరీలల్ల తుప్పు వోవాలని తీగను ఆసిడ్ తొట్టిల ముంచుతరు. వాడంగ వాడంగ ఆ ఆసిడ్ నిండ ఇనుము కరుగుతది. దాన్ని పారబోసేకాడ పారబోయక, ఏడనో భూమిల కలిపేస్తున్నరు. నీళ్ళు పల్లానికి వస్తయి. మనకు ఎగువన ఉన్నదేంది? నాచారం."

ఆడవాళ్ళు సత్యవేణిని చుట్టేసి ఉన్నారు. ఒకావిడ ఆమె బుగ్గలు పుణికింది, ఇంకొకావిడ వీపు మీద చరిచింది. సత్యవేణి నవ్వుతోంది. ఆ చివరి మాట చెవిన పడ్డాక నవ్వు ముఖం మీద ఉండిపోయింది గానీ లోపల ఆరిపోయింది.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, మీరు చేసేది ఏ సెక్షన్‌లో అని భర్తనడిగితే, పిక్లింగ్ షెడ్డు అన్నాడు. ఊరగాయలా అని పగలబడి నవ్వింది. కాదు, తీగల్ని యాసిడ్ తొట్లలో ముంచుతామని ఎంతో ఓపిగ్గా చెప్పాడు. అతని ఖాకీ చొక్కాలకు చిల్లులు పడితే కుట్టేది తనే. ఆ చొక్కాలు నానబెట్టిన నీళ్ళ రంగు తనకు తెలియనిది కాదు. ఇన్నాళ్ళూ పూల్ గట్టున నిలబడి ఆ రంగునే చూస్తూ, తనకు తట్టలేదు.

నరసింహమూర్తి గారు లేచి నిలబడ్డారు. ఎంత మొండివాడైనా పెద్దమనిషే. "లేడీస్ బ్యాచ్ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సత్యవేణి గారూ, ఇదిగోనమ్మా తాళం చెవి" అన్నారు. ఆమె చేతులు చాచి అందుకుంది. దేనికోసం అంతగా ఏడ్చిందో ఆ తాళం చెవి చేతిలోకి వచ్చాక దాన్నేం చెయ్యాలో తోచలేదు.

నీళ్ళు బాగుచేసే పద్ధతి అనంతలక్ష్మి పోశయ్యకు చెప్పింది. ముందు చాకలి సోడా కలిపి పులుపు విరగ్గొట్టాలి. కాస్త బ్లీచింగ్ వేసి మిగిలిన ఇనుము కూడా బయటికి రప్పించాలి. పటిక కరిగించి పూల్ అంతా చల్లి, పంపు ఆపేసి, నీళ్ళను కదపకుండా వదిలెయ్యాలి. తుప్పంతా అడుక్కి దిగాక గొట్టంతో మడ్డిని మోరీలోకి లాగెయ్యాలి. ఫిల్టరులో ఇసక వెనక్కి నీళ్ళు తిప్పి కడగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ బోరు చుక్క మళ్ళీ పూల్‌లో పడకూడదు.

"ఆ బోరు బాగుపడేదాకా ఈత లేనట్టేగా?" అని ఎవరో అడిగారు.

"గందుకే దొంగను పట్టాలె" అంది అనంతలక్ష్మి. "తిండి తిని నాచారం పోత. గల్లీ గల్లీల బోరు నీళ్ళు పట్టి బ్లీచింగ్ ఏసి సూస్త. ఏడ రంగు చిక్కగుంటే దొంగ గాడికి దగ్గరున్నట్టు. వేణీ, నువ్వు గాడనే ఉంటవు గద. నాకు తొవ్వ జూపియ్యాలె. వస్త మీ ఇంటికి, తయారుగుండు."

"అలాగే అక్కా" అంది సత్యవేణి.

ఇంటికి వచ్చేసరికి ఉమామహేశ్వర్ ముందు గదిలో నేల మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పి నూనె వేస్తున్నాడు. భార్య చేతిలో తాళం చెవి చూసి లేచాడు.

"గెలిచావా?"

"గెలిచాం."

అతని ముఖం వెలిగిపోయింది. అది దొంగ సంతోషం కాదు. పెళ్ళాం గెలిచినందుకు అతనికి నిజంగానే ఆనందంగా ఉంది. అది చూసి సత్యవేణికి ఇంకా కష్టమనిపించింది.

"అన్నం పెట్టనా? పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు" అన్నాడు.

"మీ షెడ్డులో వాడేసిన యాసిడ్ ఎక్కడికి పోతుందండీ?"

ఉమామహేశ్వర్ చేతిలో ఉన్న గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న వేళ్ళను కూడా తుడుచుకున్నాడు.

"ట్యాంకర్ వచ్చి తీసుకెళ్తుంది."

"ఇప్పుడూ వస్తోందా?"

అతను ఫ్యాను రెక్క చేతిలోకి తీసుకున్నాడు.

"నా మీద ఒట్టేసి చెప్పండి. వస్తోందా?"

"ఒట్లెందుకు వేణీ. రావట్లేదు. చలికాలంలోనే ఆగిపోయింది."

"మరి?"

"షెడ్డు వెనకాల ఒక పాత బోరు ఉంది. ఎండిపోయింది. దాంట్లోకి..." గుడ్డ మడత పెట్టాడు. "ఓనరు చెప్పినట్టు చెయ్యాలి కదా. సాయంత్రం డ్యూటీ దిగే ముందు వాల్వు తిప్పుతాను. అంతే నా పని."

సత్యవేణి గోడకు ఆనుకుని కూర్చుంది. అనుకుంటూనే వచ్చింది. అయినా అతని నోటి నుంచి వింటే వేరుగా ఉంది.

"పూల్ రంగు మారిందని నేనింటికొచ్చి చెప్పిన రోజు మీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"వారం రోజులు ఏడ్చానండీ నేను! ఒళ్ళు కడుక్కోని ఆడదాన్నని అందరి ముందూ అనిపించుకున్నాను. శుక్రవారం పసుపెందుకు రాసుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు పక్కనే కూర్చుని వింటూ, ఊరుకోవే అన్నారు. అన్నం తినిపించారు. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"ఏమని చెప్పను? ఇదిగో, మీ నీళ్ళు చెడగొట్టింది నేనేనని చెప్పనా?"

"అదే చెప్పాలి!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు అతని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. తిట్టినవాళ్ళ మీద కంటే, తిట్టు అబద్ధమని తెలిసీ నోరు విప్పని మనిషి మీద వచ్చే కోపం అది. అతను తల దించుకునే ఉన్నాడు. అప్పుడామె అడిగింది.

"ఆ పాత బోరు దగ్గర ఇళ్ళేమైనా ఉన్నాయా?"

"గోడ అవతల మా లేబర్ గుడిసెలు."

"వాళ్ళకు నీళ్ళు?"

"బోరింగు ఉంది."

"తాగడానికి కూడానా?"

అతను తలూపాడు. "నీళ్ళు వగరుగా ఉంటున్నాయని ఈమధ్య అంటున్నారు. అన్నం కూడా రంగు మారుతోందట."

సత్యవేణి తన గంట, తన ఈత, తన పరువు అంటూ వారం రోజులు కొట్టుకుంది. అక్కడ చంటిపిల్లలు కూడా అవే నీళ్ళు తాగుతున్నారు. ఇక దాచడానికి వీల్లేదు. దాచకుండా భర్తను కాపాడుకునే దారి ఏదైనా ఉందేమోనని ఆమె మనసు వెతికింది. దొరికింది కూడా.

లేచి అతని పక్కకు వచ్చింది. "ఇలా చూడండి. మీరు జీతగాళ్ళు. ఓనరు చెయ్యమన్నాడు, చేశారు. రేపటి నుంచి ఆ వాల్వు ముట్టుకోనని చెప్పండి. అనంతలక్ష్మి గారికి ఉన్నదున్నట్టు చెబుదాం. ఆవిడ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. తప్పు ఓనరుది. దండన ఆయనకే పడుతుంది. ఉద్యోగం పోతే పోనివ్వండి, ఇంకోటి చూసుకుందాం. మీరు మాత్రం మాట దాచకండి. నేను మీ పక్కనే ఉంటాను."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో చెప్పబోయాడు. అంతలో బయట లూనా చప్పుడు.

"వేణీ! ఓ వేణీ! తయారయినవా?"

"వస్తున్నా అక్కా" అని కేకేసి సత్యవేణి తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది.

"వేణీ." వెనక నుంచి అతని గొంతు చాలా చిన్నగా వినిపించింది. "ఓనరు చెప్పలేదు."

ఆమె తిరిగి చూసింది.

"అప్పటిదాకా ఆ బోరు ఉందని కూడా ఆయనకు తెలియదు. ట్యాంకర్ ఖర్చు భరించలేను, షెడ్డు మూసేస్తానన్నాడు. షెడ్డు మూస్తే మేమంతా రోడ్డు మీదే. ఎవరికీ తెలియకుండా వదిలెయ్యొచ్చు సార్, వెనక ఎండిపోయిన బోరు ఉందని చూపించింది నేను. పైపు వేయించింది నేను. భూమి లోపలికి పోయింది ఇక పైకి రాదులే అనుకున్నాను."

"తలుపు తియ్యవేందమ్మా? ఎండ సంపుతున్నది" అని బయట అనంతలక్ష్మి గడప మీద చెప్పులు టపటపలాడించింది.

సత్యవేణి గడియ తీసింది. తీసింది చెయ్యే గానీ, మనసు అక్కడ లేదు. రెండు బకెట్లు, బ్లీచింగ్ పౌడర్ పొట్లంతో అనంతలక్ష్మి లోపలికి వచ్చి, ఉమామహేశ్వర్‌ను చూసి చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"అరె, మీ ఆయన ఇంట్లనే ఉన్నడా! మంచిగయింది. నాచారం ఫ్యాక్టరీలల్లనే గద అన్న చేసేది? మనం గల్లీలు తిరుగుడెందుకు, ఈయన్నే అడుగుదాం. అన్నా, ఇక్కడ తీగలు ఆసిడ్‌ల ముంచే కార్ఖానా ఏడున్నదో మీకెరికేనా?"

ఉమామహేశ్వర్ భార్య ముఖంలోకి చూశాడు. తన బదులు ఆమె ఒక అబద్ధం చెబుతుందని అతను ఎదురు చూస్తున్నట్టు సత్యవేణికి అర్థమైంది.